టెక్సస్ పొలంలో అడవి ప్లమ్: గింజ నుంచి గుబురు దాకా

ఫిబ్రవరి ఆఖర్లో డల్లాస్ నుంచి ఉత్తరంగా షెర్మన్ వైపో, బోనమ్ వైపో కారులో వెళ్తుంటే ఒక చిత్రం కనిపిస్తుంది. చుట్టూ ఏ చెట్టుకీ ఇంకా చిగురు ఉండదు. కంచెల వెంట మాత్రం అక్కడొకటి, అక్కడొకటి ఆకు లేకుండా తెల్లగా పూసి నిలబడి ఉంటాయి. కారు అద్దం దించితే తీపి వాసన వస్తుంది. అవి అడవి ప్లమ్‌లు. తెల్లగా పూసి, వాసన కుళ్లిన చేపలా ఉందంటే మాత్రం అది బ్రాడ్‌ఫర్డ్ పియర్. ఊళ్లలో అందానికి పెంచితే పొలాల్లోకి ఎగబాకిన పరాయి చెట్టు అది. ఈ రెండింటి మధ్య పొరపాటు పడకూడదు.

ఈ మధ్య ఇక్కడి మన తెలుగువాళ్లు చాలామంది ఊరికి గంట, గంటన్నర దూరంలో అయిదో పదో ఎకరాలు కొంటున్నారు. నాకు పదకొండు ఎకరాలుంది. గడ్డి కోసి అమ్మే పొలంగా కొన్నాను, ఇప్పుడు దాన్ని పిట్టలకూ జంతువులకూ వదిలేశాను. మీరూ అలాగే అనుకుంటుంటే ఈ వ్యాసం మీకోసం. సూపర్‌మార్కెట్‌లో దొరికేలాంటి పెద్ద తియ్యటి ప్లమ్‌లు కావాలంటే ఇది పనికిరాదు. అవి తోట రకాలు. వాటికి మందులు కొట్టాలి, కొమ్మలు కత్తిరించాలి. అడవి ప్లమ్ లెక్క వేరు. నాటడం ఒక్క శనివారం పని. ఆ తర్వాత మూడేళ్లు గడ్డితోనూ జింకలతోనూ పోరాటం. ఆ మూడేళ్లు గట్టెక్కితే ఆ చెట్టు మిమ్మల్ని మళ్లీ పెద్దగా ఏమీ అడగదు. నా మొదటి పాతిక మొక్కల్లో ఆగస్టు నాటికి మిగిలినవి ఆరే. కాబట్టి కింద రాసిందంతా ఆ పోయిన పంతొమ్మిది మొక్కల పుణ్యమే.

ముందు రకం తేల్చుకోండి

టెక్సస్‌లో పుట్టి పెరిగిన ప్లమ్ జాతులు చాలానే ఉన్నాయి. మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చెట్టు వేరు నుంచి పిలకలు వేస్తుందా, వెయ్యదా? ఎక్కడ నాటాలి, ఎన్ని నాటాలి, కంచె ఎలా కట్టాలి అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మెక్సికన్ ప్లమ్ (ప్రూనస్ మెక్సికానా) పిలకలు వెయ్యదు. ఒకే మానుతో చెట్టులా నిలబడుతుంది, పదిహేను నుంచి పాతిక అడుగులు, మంచి నేలలో ఇంకా ఎక్కువే. బెరడు బూడిద రంగులో నున్నగా మెరుస్తూ, వయసొచ్చాక కాగితం పొరల్లా లేస్తుంది. పండ్లు జులై నుంచి సెప్టెంబరు దాకా ఊదా రంగుకు తిరుగుతాయి. ఎండనీ కరువునీ తట్టుకుంటుంది, పిలకల బెడద లేదు. తోట ప్లమ్‌లకు అంటు కట్టడానికి దీని వేరును వాడేది అందుకే.

చికసా ప్లమ్ (ప్రూనస్ అంగుస్టిఫోలియా) దీనికి పూర్తిగా తిరగబడ్డ స్వభావం. పేరు చికసా ఆదివాసులది. మనిషెత్తు నుంచి పన్నెండడుగుల దాకా పెరిగి, నాలుగు వైపులా పిలకలు తన్ని, కొన్నేళ్లలో చొరరాని గుబురు అవుతుంది. కొమ్మల చివర్లు ముళ్లలా గుచ్చుకుంటాయి. పండ్లు త్వరగా, మే చివర నుంచి జులై లోపే, ఎర్రగానో పసుపుగానో పండుతాయి. ఓక్లహామా, కాన్సస్ వాళ్లు దీన్నే శాండ్ ప్లమ్ అంటారు. 2022లో కాన్సస్ దీన్ని రాష్ట్ర ఫలంగా ప్రకటించుకుంది. బాబ్‌వైట్ క్వెయిల్ పిట్టలు (మన పూరేడు పిట్టల్లాంటివి) మీ పొలానికి రావాలంటే వేయవలసింది ఇదే.

అమెరికన్ ప్లమ్ కూడా పిలకల జాతే, చికసా కన్నా కాస్త పొడుగు. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఉండే తెలుగువాళ్లకు అదే సరైన ఎంపిక, నాటే కాలం తప్ప ఈ పద్ధతంతా దానికీ వర్తిస్తుంది. మధ్య టెక్సస్ సున్నపురాతి నేలల్లో క్రీక్ ప్లమ్ అనే పొట్టి పొద ఉంటుంది. ఆస్టిన్ వైపు పొలం ఉన్నవాళ్లు దాని గురించి వాకబు చేసుకోండి.

నా సలహా: చోటుంటే రెండూ పెట్టండి. అడవి అంచున మెక్సికన్ ప్లమ్ మూడు నాలుగు, ఆరుబయట చికసా గుబురు ఒకటి. ఒకటి జూన్‌లో, ఇంకొకటి ఆగస్టులో పండుతాయి కాబట్టి వేసవంతా జంతువులకు తిండి దొరుకుతుంది. ఇంటి ముందు, గార్డెన్ పక్కన చికసా మాత్రం వద్దు. రెండేళ్లలో మీ వంకాయ మళ్లలో మొలుస్తుంది.

నేల: మన నల్లరేగడే

డల్లాస్ నుంచి దక్షిణాన శాన్ ఆంటోనియో దాకా సాగే బ్లాక్‌లాండ్ ప్రెయిరీ నేల చూస్తే గుంటూరు, ఆదిలాబాద్ రైతులకు పరిచయం అక్కర్లేదు. అది నల్లరేగడే. వానకు బంకలా కాలికి పట్టుకుంటుంది, జులైకి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పడమరగా వెళ్తే క్రాస్ టింబర్స్ మొదలవుతుంది. అక్కడ పోస్ట్ ఓక్ చెట్లూ, ఎర్రటి ఇసుక నేలలూ ఉంటాయి.

గుప్పెడు తడి మట్టి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూడండి. రిబ్బన్‌లా రెండంగుళాలు సాగితే రేగడి. సాగకుండా విరిగిపోతే ఇసుక. మెక్సికన్ ప్లమ్ రెండింటిలోనూ బతుకుతుంది. చికసాకు ఇసుక, గరప నేలలంటే ఇష్టం. రేగడిలో పెట్టాలంటే నీళ్లు జారిపోయే వాలు వెతకాలి.

ఇంకో పరీక్ష కూడా చెయ్యండి. అడుగు లోతు గుంట తవ్వి నీళ్లతో నింపండి. అది ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాడు పొద్దున కూడా నిలిచి ఉంటే అక్కడ ప్లమ్ వద్దు, ఏ రకమైనా సరే. ఈ చెట్టు ఎండకు ఓర్చుకుంటుంది గాని కాళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే ఓర్చుకోదు.

ట్యాక్స్ సంగతి

టెక్సస్‌లో పొలం కొన్నవాళ్ల మొదటి టెన్షన్ ప్రాపర్టీ ట్యాక్స్. ఆవులో, హే గడ్డో ఉంటే తక్కువ పన్ను. వాటిని ఆపేస్తే ఎలా? ఓటర్లు 1995లో రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్నారు కాబట్టి, వన్యప్రాణుల నిర్వహణ కూడా వ్యవసాయం కిందే లెక్క. భూమికి ముందు ఏడాది వ్యవసాయ మదింపు (వ్యవసాయ భూమిగా తక్కువ పన్ను లెక్క) ఉండాలి. చట్టం చెప్పిన ఏడు పనుల్లో (ఆవాసం బాగుచెయ్యడం, నేల కోత ఆపడం, వేటాడి తినే జంతువుల అదుపు, నీళ్లు, తిండి, తలదాచుకునే చోటు ఏర్పరచడం, జంతువుల సంఖ్య లెక్కపెట్టడం) కనీసం మూడు చెయ్యాలి. ప్లమ్ గుబురు నాటడాన్ని తలదాచుకునే చోటు కింద చూపించవచ్చు. మిగిలిన రెండూ వేరే పనులై ఉండాలి. కేవలం ప్లమ్ నాటితే చాలదు.

టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల ఫారంలో ప్లాన్ రాసి ఏప్రిల్ 30 లోపు మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు (పన్ను కోసం భూమి విలువ కట్టే ఆఫీసు) ఇవ్వాలి. ఏ జాతి, ఎన్ని మొక్కలు, పొలంలో ఏ మూల అన్నది రాయండి. రసీదులు దాచండి. ఒకే చోట నిలబడి ఏడాదికి రెండుసార్లు ఫోటో తియ్యండి. మూడేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే ఆ ఫోటోలే మాట్లాడతాయి.

ఎక్కడ, ఎన్ని

రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. నీడలో చెట్టు బతుకుతుంది గాని పూత పలచబడుతుంది.

ఒక్క చెట్టు పెట్టి పండ్లు రాలేదని బాధపడకండి. అడవి ప్లమ్‌లు మామూలుగా తన పుప్పొడితో తాను కాయవు. పక్కన అదే కాలంలో పూసే ఇంకో ప్లమ్ ఉండాలి, అదీ వేరే మొక్క అయ్యుండాలి. "వేరే మొక్క" అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, చికసా గుబురు చూడటానికి వంద చెట్లలా ఉంటుంది, నిజానికి అంతా ఒకే తల్లి వేరు పిలకలు కావచ్చు. మా పక్క రైతు ఒకాయన దగ్గర అలాంటి గుబురుంది. ఏటా తెల్లగా పూస్తుంది, గుప్పెడు కాయలు కూడా దక్కవు. మొక్కలు ఒక్క చోటు నుంచే తెచ్చుకుంటే మీకూ అదే జరుగుతుంది. రెండు మూడు చోట్ల నుంచి తెచ్చి కలిపి నాటండి.

మెక్సికన్ ప్లమ్‌లను పదిహేను, ఇరవై అడుగుల ఎడంతో, పెద్ద చెట్ల వరసకు దక్షిణంగానో తూర్పుగానో పెడితే బాగుంటుంది.

చికసా గుబురుకు ఒక కొలత గుర్తుపెట్టుకోండి: ముప్ఫై అడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవు. క్వెయిల్ గుంపు ఒక పొదను స్థావరంగా చేసుకోవాలంటే కనీసం ఆ మాత్రం ఉండాలని వన్యప్రాణి శాఖలవాళ్లు చెబుతారు. ఆరడుగుల ఎడంతో అయిదు వరసలు, వరసకు ఎనిమిది, మొత్తం నలభై మొక్కలు. మధ్యలో ఖాళీలు పిలకలే నింపుకుంటాయి. పైన గొడుగులా కప్పి ఉండాలి, కింద నేల మాత్రం పిట్ట నడిచేలా ఖాళీగా ఉండాలి. పైనుంచి గద్దకు కనబడకూడదు, కిందనుంచి తాను పరుగెత్తగలగాలి. అందుకే గుబురు కింద గడ్డి దట్టంగా ఉంటే ప్లమ్ ఎంత బాగా పెరిగినా క్వెయిల్ రాదు.

తవ్వే ముందు 811కు ఫోన్ చెయ్యండి, నేల కింది పైపులు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి చూపిస్తారు. ఖర్చు లేదు. టెక్సస్ పొలాల కింద గ్యాస్ పైపులు ఎక్కడెక్కడ ఉంటాయో మనకు తెలియదు.

గరిక పని వేసవిలోనే

బెర్ముడా గడ్డి అంటే ఏదో అమెరికా గడ్డి అనుకుంటాం. అది వినాయకుడికి పెట్టే గరికే. పూజకు ఎంత పవిత్రమో చిన్న మొక్కకు అంత శత్రువు. పైపైన ఉన్న తడంతా లాగేస్తుంది. నా పంతొమ్మిది మొక్కల్లో నాలుగు జింకలు తిన్నాయి. మిగతా పదిహేను ఈ గరిక వాతే పడ్డాయి.

చలికాలంలో నాటాలంటే గడ్డి పని ముందటి వేసవిలో మొదలవ్వాలి. గరిక పచ్చగా పాకుతున్నప్పుడు, జూన్ నుంచి సెప్టెంబరు మధ్య, గ్లైఫోసేట్ గడ్డిమందు రెండు మూడు విడతలు కొట్టాలి. మందు కొట్టాక గడ్డి పసుపుబారి ఎండుతుంది, నెల తిరిగేలోగా మళ్లీ మొలుస్తుంది, మళ్లీ కొట్టాలి. చలికాలంలో ఎండు గడ్డి మీద కొడితే డబ్బు దండగ. లేబుల్ మీద రాసిన మోతాదు దాటకండి. మందు వాడటం ఇష్టం లేనివాళ్లు నల్ల సిలేజ్ టార్పాలిన్ (పశువుల మేతను కప్పే మందపాటి ప్లాస్టిక్ పట్ట) వేసవంతా పరిచి ఉంచండి. అదీ పనిచేస్తుంది, అంచుల నుంచి మళ్లీ పాకుతుంది అంతే. అట్టపెట్టెలు పరిచి పైన ఆకులు పోస్తే చాలు అని వీడియోల్లో చెబుతుంటారు. గరిక అట్టపెట్టెను ఒక్క వేసవిలో దాటుతుంది, నేను కళ్లారా చూశాను.

మెక్సికన్ ప్లమ్‌కు మొక్క చుట్టూ నాలుగడుగుల వలయం శుభ్రం చేస్తే సరి. గుబురుకు మొత్తం చోటు చెయ్యాలి.

మొక్కలు తెచ్చుకోవడం

నాలుగు దారులున్నాయి. చవకైనది వట్టి వేళ్ల నారు. చలికాలంలో మట్టి లేకుండా కట్టగా పంపుతారు. లబ్బక్ దగ్గర ఐడలూలో టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఫారెస్ట్ సర్వీస్ నర్సరీ ఉంది, గాలిని ఆపే చెట్ల వరసలకూ వన్యప్రాణులకూ పనికొచ్చే నారు అమ్ముతుంది. ఆ ఏడాది జాబితాలో ప్లమ్ ఉందో లేదో శరదృతువులోనే చూసుకోండి, త్వరగా అయిపోతాయి. రెండోది నేటివ్ మొక్కల నర్సరీల్లో కుండీ మొక్కలు. ఖరీదెక్కువ, మూడు నాలుగు మెక్సికన్ ప్లమ్‌లకైతే ఫర్వాలేదు. చీటీ మీద ప్రూనస్ మెక్సికానా అని ఉందా అని చూడండి. "ఫ్లవరింగ్ ప్లమ్" అని అమ్మే ఎర్రాకు చెట్టు మన చెట్టు కాదు.

మూడోది చికసాకు ఇంకా సులువైన దారి, ఎవరి పొలంలోనైనా ఉన్న గుబురు నుంచి అడిగి పిలకలు తెచ్చుకోవడం. జనవరిలో, ఆకు లేనప్పుడు, పెన్సిల్ లావు పిలకను తల్లి వేరుతో సహా జానెడు ముక్క తెంపుకొచ్చి అదే రోజు నాటాలి. పైన సగానికి కత్తిరించండి.

నాలుగోది గింజ. నాకు ఇష్టమైనది ఇదే, ఓపిక మాత్రం కావాలి. బాగా పండి రాలిన పండ్లు ఏరుకుని గుజ్జు పిసికి కడిగెయ్యండి. కొంచెం గుజ్జు మిగిలినా బూజు పడుతుంది. నీళ్లలో వేసి తేలేవి పారేయండి. మునిగినవి నీడలో ఒక పూట ఆరనిచ్చి చల్లటి చోట ఉంచండి. ఎండలో వడియాల్లా ఎండబెట్టకండి, లోపలి పప్పు చచ్చిపోతుంది. అక్టోబరు చివర, పిండితే నీళ్లు కారని తడి ఇసుకలో కలిపి జిప్ బ్యాగులో పోసి, రెండు వారాలు గదిలో, తర్వాత నాలుగు నెలలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో కాదు, కూరగాయల అరలో. బ్యాగు మీద పేరు, తేదీ రాయండి. మా ఇంట్లో ఒకసారి ఆ బ్యాగును ఎవరో మొలకెత్తిన పెసలనుకున్నారు.

ఎందుకింత తతంగం? ఆ గింజ చలికాలం గడిచిందని నమ్మితేగాని మొలవదు. వేసవిలో రాలిన వెంటనే మొలిస్తే ఆ ఎండకు చచ్చిపోతుంది కాబట్టి చెట్టు పెట్టుకున్న తాళం అది. నెలకోసారి బ్యాగు తెరిచి చూడండి. టెంక పగిలి తెల్లటి వేరు మొన కనిపించినవాటిని వెంటనే పొడుగు కుండీల్లో అంగుళంన్నర లోతున పెట్టండి. కొన్ని ఆ ఏడాది మొలవవు, రెండో వసంతానికి లేస్తాయి. కుండీ పారబొయ్యకండి. ఫ్రిజ్ గొడవ వద్దనుకుంటే నవంబరులో నేరుగా మడిలో నాటి, పైన అరంగుళం కళ్ల ఇనుప జాలీ కప్పి అంచులు భూమిలో పాతిపెట్టండి. లేకపోతే అది ఉడతలకు మీరు పెట్టిన విందు అవుతుంది.

గింజ మొక్కలు ప్రతిదీ వేరే మొక్కే కాబట్టి పుప్పొడి సమస్య దానంతటదే తీరిపోతుంది. కాపుకు మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది.

నాటే రోజు

ఉత్తర టెక్సస్‌లో డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సరైన కాలం. చెట్టు నిద్రలో ఉంటుంది, వేరు మాత్రం నేల కింద నెమ్మదిగా కదులుతుంది.

నారు కట్ట వచ్చిన రోజే విప్పి వేళ్లు తడిపి, తడి గోనెలో చుట్టి చల్లటి నీడలో పెట్టండి. రెండు మూడు రోజుల్లో నాటలేకపోతే పొలంలో ఒక కాలువ తీసి వేళ్లు మట్టితో కప్పి పడుకోబెట్టండి. నేను మొదటిసారి కట్టను గరాజ్‌లో వారం ఉంచాను. పైకి కర్రలు బాగానే ఉన్నాయి. వేళ్లు చీపురుపుల్లలు. నాటేటప్పుడు వేళ్లను బకెట్ నీళ్లలో ముంచి ఒక్కొక్కటే తియ్యండి. గాలికి అయిదు నిమిషాలు ఆరినా నష్టమే.

గుంట వేరు పొడవంతే లోతు, వెడల్పు దానికి రెండింతలు. రేగడిలో పార వేస్తే గుంట గోడలు గాజులా నునుపు తేలతాయి. వేరు అందులోనే కుండీలో ఉన్నట్టు చుట్టూ తిరుగుతుంది. గోడలను గడ్డపార మొనతో గీకి గరుకు చెయ్యండి. తవ్విన మట్టే తిరిగి వెయ్యండి. పెంటో, బజారు మట్టో కలపకండి. రేగడిలో మెత్తటి మట్టి నింపిన గుంట వానకు చెరువవుతుంది. మాను నుంచి వేళ్లు విడిపోయే చోటు నేల మట్టానికి ఉండాలి, రేగడిలో రెండంగుళాలు పైకే ఉంచి చుట్టూ మట్టి ఎగదొయ్యండి. మన దగ్గర పాదు అంటే పళ్లెంలా లోపలికి తవ్వుతాం. ఇక్కడ రేగడిలో బోర్లించిన పళ్లెంలా చేసి, దాని అంచున చిన్న గట్టు కట్టాలి. ఒక బకెట్ నీళ్లు పోసి మట్టిని నీళ్లతోనే అణచండి, కాలితో తొక్కకండి.

పైన మూడంగుళాల చెక్కపొట్టు వెయ్యండి, మానుకు నాలుగు వేళ్ల దూరం వదిలి. వేసవిలో నెర్రెలు మొక్క దగ్గరికి రాకుండా కాపాడేది ఇదే. పాత హే గడ్డి పరుద్దామనుకుంటే అమ్మినవాళ్లను ఒక మాట అడగండి: ఆ పొలంలో కలుపుకు మందు కొట్టారా? గడ్డి పొలాల్లో వాడే కొన్ని మందులు హేలో నెలల తరబడి మిగిలి, దాన్ని పరిచిన చోట వెడల్పాకు మొక్కల్ని చంపేస్తాయి.

ఎరువు మొదటి ఏడాది అసలు వద్దు. తర్వాత కూడా నేను వెయ్యలేదు.

జింక, కుందేలు

నాటిన రోజే కంచె కట్టాలి, "వచ్చే వారం" అంటే ఆ వారం లోపే జింక వస్తుంది. చిగుళ్లు తినడం ఒక నష్టం. శరదృతువులో మగ జింకలు కొమ్ములు రుద్ది బెరడు వలిచెయ్యడం ఇంకా పెద్ద నష్టం. కుందేళ్లు చలికాలంలో మొదలు కొరుకుతాయి.

మెక్సికన్ ప్లమ్‌కు ఒక్కో మొక్కకు ఒక్కో పంజరం. అయిదడుగుల ఎత్తు వెల్డెడ్ వైర్‌ను పన్నెండున్నర అడుగులు కత్తిరిస్తే నాలుగడుగుల వ్యాసం వస్తుంది. వంద అడుగుల చుట్టలో ఎనిమిది పంజరాలు. రెండు టీ-పోస్టులకు (కంచెకు పాతే ఇనుప గుంజలు) వైరుతో కట్టండి. కింద అడుగున్నర ఎత్తు సన్న జాలీ చుడితే కుందేళ్లు దూరవు.

గుబురుకు నలభై పంజరాలు కడితే అయిదు చుట్టలు అవుతాయి. దాని బదులు మొత్తం మడికి చుట్టూ అయిదడుగుల ఖాళీ వదిలి, నలభై బై అరవై కొలతతో ఒకటే కంచె కట్టండి. రెండొందల అడుగులు, అంటే రెండే చుట్టలు. జింక ఎనిమిదడుగులు కూడా దూకగలదు, నిజమే. కాని లోపల చోటు ఇరుకుగా, అడ్డాలుగా కనిపిస్తే దూకడానికి వెనకాడుతుంది. నా మడిలోకి ఇంతవరకు ఒక్కటే దూకింది. అడవి పందులు మీ వైపు ఎక్కువైతే వైరు కింది అంచు నేలకు గట్టిగా కొక్కేలు కొట్టండి.

నీళ్లు

మొదటి రెండు వేసవులు ప్లమ్ కరువుకు తట్టుకునే చెట్టు కాదు. ఆ పేరు దానికి మూడో ఏడు నుంచి వస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి మొక్కకు అయిదు గ్యాలన్లు, అంగుళం వాన పడిన వారం మానెయ్యొచ్చు. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి.

పొలంలో నల్లా లేనివాళ్లకు నా ఏర్పాటు ఇది. అయిదు గ్యాలన్ల బకెట్‌కు అడుగు దగ్గర మేకుతో ఒక చిల్లు. మొక్క పక్కన పెట్టి నింపి వదిలేస్తే గంటో గంటన్నరో సన్నటి ధారగా ఇంకుతుంది. నలభై మొక్కలకు రెండొందల గ్యాలన్లు, ట్రెయిలర్ మీద ఒక టోట్ ట్యాంకు (ఇనుప చట్రంలో ఉండే పెద్ద ప్లాస్టిక్ తొట్టి) సరిపోతుంది. బకెట్లు ఇరవై చాలు, రెండు విడతలుగా తిప్పుకోవచ్చు. ఖాళీ బకెట్‌లో ఒక రాయి వెయ్యండి, లేకపోతే టెక్సస్ గాలికి పక్క కౌంటీలో వెతుక్కోవాలి.

చీడలు, తెగుళ్లు

ఇక్కడ ఎక్కువ చెయ్యవలసింది లేదు. పిందె మీద నెలవంకలా చిన్న గాటు కనిపిస్తే ముక్కుపురుగు గుడ్డు పెట్టిందని అర్థం, ఆ కాయ పురుగు పడుతుంది. పిట్టలకు పురుగు పడిన కాయ ఇంకా రుచి. కొమ్మల మధ్య సాలెగూడులాంటి గుడారాలు కట్టే గొంగళిపురుగులను కూడా వదిలెయ్యండి, అవి కోకిల జాతి పిట్టలకు ఆహారం. ఇది పిట్టల కోసం పెంచిన చెట్టు, మందు కొడితే వాటికి పెట్టిన విస్తరి లాక్కున్నట్టే.

రెండిటికి మాత్రం కదలాలి. కొమ్మ చుట్టూ బొగ్గులాంటి నల్ల బొడిపెలు వస్తే అది బ్లాక్ నాట్ శిలీంధ్రం. చలికాలంలో బొడిపెకు కనీసం నాలుగంగుళాల కింద కోసి కాల్చెయ్యండి. మాను మొదట్లో రంపపు పొట్టు కలిసిన బంక కారుతుంటే తొలిచే పురుగు లోపల ఉంది. సన్న తీగ దూర్చి చంపవచ్చు. గడ్డి కోసే ట్రిమ్మర్ తగిలి బెరడు చిట్లిన మొక్కలకే ఇది ఎక్కువ వస్తుంది, ట్రిమ్మర్‌ను దూరంగా పెట్టండి.

మేకలు, ఆవులు ఉన్నవాళ్లు ఇది తప్పక చదవండి

ప్లమ్ ఆకుల్లో, గింజలోని పప్పులో సయనైడ్ పుట్టించే పదార్థాలున్నాయి. ఆకు వాడినప్పుడు విషం ఎక్కువ ప్రమాదకరం. గాలివానకు కొమ్మ విరిగి పడి వాడిన ఆకును మేకో ఆవో కడుపునిండా తింటే ప్రాణం పోవచ్చు. కోసిన కొమ్మలు పశువులు తిరిగే చోట పడెయ్యకండి. పశువులుంటే గుబురు అవి తిరిగే కంచెకు బయట ఉండాలి.

మూడేళ్లు దాటాక

మడి లోపల పిలకలు కలిసిపోయి, పైకొమ్మలు జింక నోటికి అందనంత ఎత్తుకు చేరాక వైరు తీసేయండి. నేను నాలుగో చలికాలంలో తీశాను. గుబురు అంచు చుట్టూ ఏడాదికి రెండుసార్లు గడ్డి కోసే మెషీన్ తిప్పితే పిలకలు అక్కడే ఆగుతాయి, లేకపోతే ఏటా కొన్నడుగులు ముందుకొస్తాయి. పిలకల మీద గడ్డిమందు కొట్టకండి, ఆ మందు వేరు గుండా తల్లికి చేరుతుంది.

చాలా ఏళ్లకు గుబురు మధ్యలో కొమ్మలు ఎండి పలచబడతాయి. అప్పుడు జనవరిలో మూడో వంతు నేలమట్టానికి నరికితే కొత్తగా లేస్తుంది. మొత్తం ఒకేసారి నరకొద్దు, ఆ ఏడాది పిట్టలకు ఇల్లుండదు.

పండ్లు

కోతకు వెళ్లేటప్పుడు మోకాళ్ల దాకా బూట్లు వేసుకోండి. గుబురు నీడంటే కాపర్‌హెడ్ పాములకూ ఇష్టమే. చిగ్గర్లనే కంటికి కనపడని పురుగులు కుడితే వారం రోజులు గోక్కోవాలి, ఇంటికి రాగానే వేడినీళ్ల స్నానం చెయ్యండి. పొదలో పాకే మూడాకుల తీగ పాయిజన్ ఐవీ, ముట్టుకోవద్దు.

ఇక్కడివాళ్లు ఈ పండ్లతో జెల్లీ చేస్తారు. మా అమ్మ వేసవికి వచ్చినప్పుడు ఒక చికసా కాయ, ఇంకా పూర్తిగా ఎర్రబడనిది, కొరికి కళ్లు మూసుకుంది. "ఒరే, ఇది వాక్కాయ పులుపురా. జెల్లీ ఏమిటి, పప్పులో పడెయ్యక!" అంది. అప్పటినుంచి మా ఇంట్లో జూన్ మొదటి వారం ప్లమ్ పప్పే. దోరకాయలు గుప్పెడు తీసుకుని టెంక చుట్టూ కోసి, కందిపప్పు విడిగా ఉడికించి, కాయ ముక్కలు పచ్చిమిర్చితో మగ్గాక కలిపి, వెల్లుల్లి ఎండుమిర్చి పోపు పెట్టాలి. చింతపండు అక్కర్లేదు. టెంకలను కాయ ముక్కల్లో పడనివ్వకండి, లోపలి పప్పు గురించి పైన చెప్పాను కదా. అందిన కొమ్మల్లో సగమే కోసుకోండి, పై సగం పిట్టలకూ, కింద రాలినవి రాకూన్లకూ నక్కలకూ.

కోసిన కాయల్లో బాగా పండినవి కొన్ని పక్కన పెట్టి, వాటి టెంకలు కడిగి డబ్బాలో వెయ్యండి. అక్టోబరు వచ్చాక ఇసుక తడపండి.